కొనేవారు అడిగే మిక్సీయా, వంటింటికి కావలసిన మిక్సీయా?

విజయనగరం విద్యార్థిని (చర్చ ప్రారంభం)

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో వాడే మిక్సీని వినియోగదారుల అవసరాలను బట్టి కొత్తగా రూపొందించడం మా బృందం ప్రాజెక్టు. ముందు జనం మాటలు సేకరించాలి, వాటిని కొలవగలిగే లక్షణాలుగా మార్చాలి, దేనికి ఎంత ప్రాధాన్యమో పట్టిక వేయాలి. ఈ పద్ధతికి జపాన్‌లో యోజి అకావో 1960వ దశకంలో పునాది వేశారు. 1972లో కోబె ఓడల కర్మాగారంలో అది పట్టిక రూపం దాల్చింది. ఇంతవరకు పాఠమే.

కోట చుట్టుపక్కల వీధుల్లో, గంటస్తంభం వైపు ఇళ్ళలో తిరిగి అడిగాం. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే జవాబు: ఎక్కువ వాట్లు, ఎక్కువ జార్లు, తక్కువ శబ్దం, తక్కువ ధర. ఆ రాత్రి మా వంటింట్లో చూస్తే నాలుగు జార్లలో రెండు అటక మీద ఉన్నాయి. కొన్న నాటి నుంచి దించలేదట. అయినా అమ్మ కూడా నాకు "నాలుగు జార్లు ఉండాలి" అనే చెప్పింది!

అందుకే నా వాదన ఇది. అడిగితే వచ్చే జవాబు అవసరం కాదు, కోరిక. పట్టికలో దాని బరువు తగ్గించి, వంటింట్లో కూర్చుని చూసినదానికి బరువు పెంచాలి. మా బృందంలో మిగతావారు ఒప్పుకోవడం లేదు. జనం అడిగినదాన్ని పక్కన పెడితే అది వినియోగదారుల కోసం చేసిన వస్తువు ఎలా అవుతుందని వారి ప్రశ్న. మీరేమంటారు?

బొబ్బిలి వ్యాపారి

నేను మీ బృందం పక్షం, అమ్మా. గృహోపకరణాల దుకాణం నడుపుతున్నాను. 500 వాట్ల మిక్సీ, 750 వాట్ల మిక్సీ పక్కపక్కన పెడితే వచ్చినవారి చేయి 750 మీదికే వెళ్తుంది. రెండు జార్లున్న పెట్టె, మూడు జార్లున్న పెట్టె పెడితే మూడింటిదే ముందు కదులుతుంది. ఇది వారి తెలివితక్కువతనం కాదు. ఏళ్ళకు ఒకసారి కొనే వస్తువు కాబట్టి రేపు ఏ అవసరం వస్తుందోనని ముందే చూసుకుంటారు. మీరు వంటింట్లో ఎంతసేపు కూర్చుని గీసిన నమూనా అయినా నా అరలోనే ఉండిపోతే ఎవరి అవసరమూ తీర్చదు.

ఇంకొకటి. పెళ్ళిళ్ళ కాలంలో నేను అమ్మే మిక్సీల్లో చాలావరకు సారెలోకి వెళ్ళేవే. అక్కడ పెట్టె నిండుగా కనిపించాలి.

రాజాం ఇల్లాలు

మీ చివరి మాట దగ్గర ఆగిపోయానండి. సారెకు కొనేది పెళ్ళికూతురి తండ్రి. వాడేది ఆ అమ్మాయి. మీ దుకాణంలో వినిపించే కోరికలన్నీ కొనేవారివి. వండేవారు ఆ సమయానికి అక్కడ ఉండరు.

నా అవసరం చెబుతాను, ఎవరైనా రాసుకోండి. మా పుట్టిల్లు కవిటి దగ్గర, ఉద్దానంలో. పనస పొట్టు కూర చేస్తే చివర ఆవ పెట్టాలి. దానికి కావలసింది రెండు చెంచాల ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు, కొద్దిగా నీళ్ళు. మిక్సీలో చట్నీ జారు అని ఇచ్చినదాంట్లో ఇవి వేస్తే బ్లేడు పైన తిరుగుతుంది, ఆవాలు కింద ఉండిపోతాయి. కొన్ని గోడలకు ఎగిరి అతుక్కుంటాయి. మూత తీసి గరిటెతో దించడం, మళ్ళీ తిప్పడం, మళ్ళీ దించడం. ఈలోగా ముద్ద వేడెక్కి చేదు వస్తుంది. ఆవ చేదెక్కితే కూర మొత్తం పోయినట్టే. నువ్వుల పొడికీ ఇదే కష్టం. కాస్త ఎక్కువ తిరిగితే నూనె వదిలి ముద్దయిపోతుంది. వాటికి బలం అక్కరలేదు, నెమ్మది కావాలి. ఒకటో నంబరు మీద పెట్టినా ఆ బ్లేడు సుడిగాలిలా తిరుగుతుంది.

వెయ్యి వాట్లు ఇచ్చినా రెండు చెంచాల ఆవాలు నలగవు. జారు అడుగు సన్నగా ఉండి, బ్లేడు నేలకు దగ్గరగా ఉండి, మొదటి వేగం నిజంగా తక్కువగా ఉంటే నలుగుతాయి. నన్ను ఇంతవరకు ఎవరూ ఇలా అడగలేదు. "మీకు ఎన్ని వాట్లు కావాలి?" అనే అడిగారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అమ్మ పెరట్లోని రోలు కడిగి వాడింది. ఆ రోజుల్లో చేసిన ఆవ రుచి మిక్సీలో ఇప్పటికీ రాలేదు. మళ్ళీ రోలుకు వెళ్ళాలని అనడం లేదు. మా అమ్మ మోచేతులు ఎంత నొప్పి పెట్టేవో నాకు తెలుసు. రోలు చేసిన పని ఏమిటో చూసి మిక్సీ గీయమంటున్నాను.

నరసన్నపేట మెకానిక్

అక్కా, ఆవాల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. నా బల్ల మీదికి వచ్చే మిక్సీల సంగతి నేను చెబుతాను.

మోటారు పూర్తిగా కాలిపోయి వచ్చేవి తక్కువ. ఎక్కువగా వచ్చేవి నాలుగు రకాలు. అరిగిపోయిన కప్లర్ (మోటారు తిప్పుడును జారు బ్లేడుకు అందించే పళ్ళ ముక్క), జారు అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ వదులవడం, నీరు కారే వాషరు, అయిపోయిన కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు). ఇవి కాక, ఏ లోపమూ లేకుండా వచ్చేవి కొన్ని ఉంటాయి. మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఒకటి ఉంటుంది. భారం ఎక్కువైతే అది బయటికి వచ్చి మోటారును ఆపుతుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే చాలు. ఆ సంగతి తెలియక పల్లెల నుంచి బస్సు ఎక్కి తెస్తారు. దాన్ని కనబడని చోట ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. ముందు వైపు పెట్టి పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఆ ప్రయాణం తప్పేది.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద రాసేది మోటారు లైను నుంచి తీసుకునే విద్యుత్తు. బ్లేడుకు అందే బలం అది కాదు. సాయంత్రం వేళ చివరి ఊళ్ళలో వోల్టేజి పడిపోతుంది. అప్పుడు గట్టి పిండి వేస్తే మోటారు దాదాపు అంతే కరెంటు లాగుతుంది, కాని నెమ్మదిగా తిరుగుతుంది. లోపల గాలి కొట్టే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి అదీ నెమ్మదిస్తుంది. పని ఎక్కువసేపు, చల్లదనం తక్కువ. చాలా మిక్సీల మీద అయిదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపమని రాసి ఉంటుంది. పండగ ముందురోజు గారెలకు మినప్పప్పు రుబ్బుతూ ఎవరు ఆపుతారు?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కప్లర్. ఒక కంపెనీది ఇంకొక కంపెనీకి పట్టదు. ఒకే కంపెనీలో పాతది కొత్తదానికి పట్టదు. అరచేతిలో ఇమిడే చిన్న ముక్క దొరకక మంచి మోటారున్న మిక్సీ పాత సామాన్లవాడికి వెళ్ళిపోతుంది. అమ్మా, మీ పట్టికలో మొదటి వరుస ఇదే రాయండి: నరసన్నపేటలో బాగు చేయగలగాలి. ఏ ఇల్లాలూ ఈ మాట మీకు చెప్పదు, ఎందుకంటే కొనే రోజున చెడిపోవడం గురించి ఎవరూ ఆలోచించరు.

ఆమదాలవలస విశ్రాంత అధ్యాపకుడు

విద్యార్థిని ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. కోరిక, అవసరం అని రెండు గదులు కట్టి ఒకదాన్ని మూసేయమంటున్నారు. వస్తువుల నాణ్యతపై పని చేసిన జపాన్ ఆచార్యుడు నొరియాకి కానో 1984లో చేసిన విభజన చూడండి. కొన్ని లక్షణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం ఎవరూ క్షమించరు. కొన్ని పెరిగే కొద్దీ సంతృప్తి పెరుగుతుంది. కొన్ని అడగకపోయినా దొరికితే ఆనందం కలిగిస్తాయి. మొదటి రకాన్ని జనం నోటితో చెప్పరు. మూత ఊడకూడదు, షాక్ కొట్టకూడదు అని మీ సర్వేలో ఎవరైనా చెప్పారా? వాట్లు, ధర రెండో రకం. అవీ నిజమైన అవసరాలే. తీసేయడానికి వీల్లేదు.

మెకానిక్ గారితో నాకు పేచీ ఉంది. కప్లర్ అరగడం లోపం కాదు. జారులో ఏదైనా గట్టిగా ఇరుక్కుంటే ముందు అది తెగాలి, మోటారు బతకాలి. కావాలని బలహీనంగా పెట్టిన ముక్క అది. ఇక అందరూ తెరవగలిగేలా చేయమంటే జాగ్రత్త. నీళ్ళు, పిండి, 230 వోల్టులు ఒకే బల్ల మీద ఉండే యంత్రం ఇది. ఇంటి మిక్సీల భద్రతకు ఐఎస్ 4250 అనే భారతీయ ప్రమాణం ఉన్నది ఊరికే కాదు. జారు బ్లేడు అంచు కేంద్రం నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే ఆ అంచు వేగం సెకనుకు 56 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాట. అలాంటి దాని ఇరుసును సరిగా బిగించకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కార్బన్లు లేని కొత్త మోటార్లు వస్తున్నాయి. తక్కువ వేగంలోనూ బలం ఇవ్వగలవు, శబ్దం తక్కువ. రాజాం అమ్మగారి ఆవాలకు నా సమాధానం అదే.

నరసన్నపేట మెకానిక్

మాస్టారూ, కప్లర్ ముందు తెగాలన్నది ఒప్పుకుంటాను. తెగడానికే పెట్టిన ముక్క దుకాణంలో దొరకకపోవడమే నా ఫిర్యాదు. ఫ్యూజు పోయేలా చేసి ఫ్యూజు తీగ అమ్మకపోతే ఎలా? అందరూ తెరవాలని నేను అనలేదు, పని తెలిసినవాడు తెరవగలగాలి అన్నాను. కొన్నిటికి అడుగున ఉండే మరలు మా దగ్గరున్న ఏ స్క్రూడ్రైవరుకూ లొంగవు. అది భద్రత కోసం అంటే నేను నమ్మను. బాగు చేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసింది. ఇంటి వస్తువులను కూడా అందులో చేర్చింది. ఆ దిశలో ఇంజనీర్లు ముందుండాలి కదా.

కొత్త మోటారుకు లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అది పోతే నేను చేయగలిగింది బోర్డు మొత్తం మార్చడమే. బోర్డు దొరికితే.

బొబ్బిలి వ్యాపారి

కొత్త మోటారు మిక్సీలు నా దగ్గర ఉన్నాయి, ధర చూసి వెనక్కి పెడుతున్నారు. విద్యుత్తు ఆదా అని చెబితే ఎవరికీ పట్టడం లేదు.

ఆమదాలవలస విశ్రాంత అధ్యాపకుడు

పట్టకపోవడం సబబే. 750 వాట్ల మిక్సీని రోజుకు పది నిమిషాలు పూర్తి భారంతో తిప్పినా నెలకు నాలుగు యూనిట్లు కావు. ఆదా అని చెప్పి అమ్మకండి. చప్పుడు తక్కువ, నెమ్మదిగా తిరుగుతుంది అని చెప్పండి. పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో ఆ మాట వింటారు.

పలాస కోడలు

మా అత్తగారికి వేళ్ళ కీళ్ళు పట్టేశాయి. జారును తిప్పి గాడిలో పెట్టడం, తిప్పి తీయడం ఆమె వల్ల కావడం లేదు. బ్లేడు కింద ఇరుక్కున్న కొబ్బరి పచ్చడి కడగడం నాకే కష్టం, వేళ్ళు తెగుతాయి. ఈ రెండూ ఎవరి పట్టికలోనైనా ఉన్నాయా?

విజయనగరం విద్యార్థిని

లేవు, అక్కా. ఇప్పుడు రాసుకున్నాను.

మాస్టారు చెప్పినదాంతో నా వాదనలో కొంత మార్చుకుంటున్నాను. వాట్లు అడిగినవారి కోరికను కొట్టేయను. ఆ కోరిక వెనుక ఏముందని అడుగుతాను. అమ్మను మళ్ళీ అడిగాను. "పాతది పప్పు రుబ్బుతూ మధ్యలో ఆగిపోయేది, అందుకే ఎక్కువ వాట్లు అన్నాను" అంది. అంటే ఆమెకు కావలసింది ఆగకుండా తిరగడం. దానికి వాట్లు ఒక దారి. మంచి ఫ్యాను, తక్కువ వోల్టేజిలోనూ చల్లబడే అమరిక, కనబడే చోట ఎర్ర బొత్తాం ఇంకొన్ని దారులు.

అయినా మూల వాదన వదులుకోను. మన మిక్సీ చరిత్రే నా పక్షాన ఉంది. అమెరికాలో 1922లో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ చేసిన బ్లెండర్ మాల్టు పాల పానీయాల కోసం పుట్టింది. ఆ వంశపు విదేశీ యంత్రం మన పప్పుల ముందు, మసాలాల ముందు చేతులెత్తేసింది. ముంబయిలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ భార్య మాధురి దగ్గర ఉన్న బ్లెండర్ అలా పాడైతేనే 1960వ దశకంలో సుమీత్ మిక్సీ వచ్చింది. ఆయన వీధుల్లో తిరిగి ఎన్ని వాట్లు కావాలని అడిగి ఉంటే ఎవరు చెప్పగలిగేవారు? తన ఇంట్లో ఏది ఆగిపోయిందో చూశారు.

బొబ్బిలి వ్యాపారి

ఆ సుమీత్ కూడా దుకాణంలో అమ్ముడుపోతేనే ఇంటింటికీ వెళ్ళింది, అమ్మా. నా మాట మీద నేను ఉన్నాను. మీ నమూనా ధర మామూలు మూడు జార్ల మిక్సీని దాటకూడదు. దాటకుండా చేస్తే నా అరలో ముందు వరుసలో పెడతాను.

విజయనగరం విద్యార్థిని

అటక మీద ఉండిపోయే జారు ఒకటి తీసేస్తాను. ఆ డబ్బుతో రాజాం పిన్నిగారు చెప్పిన సన్న అడుగు జారు చేయవచ్చా అని లెక్క వేస్తున్నాం. మెకానిక్ అన్నయ్యా, మీ దగ్గర అరిగిపోయిన పాత కప్లర్లు ఎన్ని రకాలుంటే అన్నీ దాచి ఉంచండి. ఆదివారం నరసన్నపేట వస్తాను, పళ్ళు కొలుచుకోవాలి.

రాజాం ఇల్లాలు

జారు చేశాక ముందు నా దగ్గరికి తీసుకురా, అమ్మాయీ. ఆవాలు, ఎండుమిరపకాయలు నేను సిద్ధంగా ఉంచుతాను. కవిటి నుంచి పనసకాయ తెప్పిస్తాను.