చలికి ప్యూపాలు విచ్చుకోవడం లేదు, బతికున్నాయా? (పాలీహౌస్‌లో నిమ్మ సీతాకోకచిలుకలు)

కోట నర్సరీ (ఎస్.కోట)
మాది ఎస్.కోట దగ్గర, అరకు ఘాట్ కిందే. మిరప, వంగ నారు కోసం వేసిన చిన్న పాలీహౌస్ (పాలిథిన్ షీటు కప్పిన షెడ్డు) ఉంది. నారు అమ్ముడయ్యాక ఖాళీగా ఉంటుందని మా అమ్మాయి సరదా కొద్దీ నిమ్మ, కరివేపాకు కుండీలు పెట్టి సీతాకోకచిలుకల్ని పెంచుతున్నాం. హీటరు లాంటిదేమీ లేదు. సెప్టెంబరు బ్యాచ్ బ్రహ్మాండంగా వచ్చింది. గొంగళ్ళు ప్యూపా (రెక్కలు రాకముందు పెంకులో కదలకుండా ఉండే దశ) అయిన పది రోజులకల్లా రెక్కలు విప్పాయి.

నాగుల చవితి వెళ్ళిన వారానికి పెరట్లో నిమ్మ చెట్టు మీద దొరికిన గుడ్లతో రెండో బ్యాచ్ మొదలెట్టాం. 31 ప్యూపాలు అయ్యాయి. సంక్రాంతి దాటిపోయింది, 45 రోజులు గడిచాయి, బయటికొచ్చినవి ఆరే ఆరు. తెల్లవారుజామున లోపల 13 డిగ్రీలు, మధ్యాహ్నం 38. అమ్మాయి రోజూ "నాన్నా, చచ్చిపోయాయా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. పారేయమంటారా?

నాగావళి గట్టు (ఆమదాలవలస)
పారేయకండి మహాప్రభో! నేను రెండేళ్ళ కిందట ఇలాగే 20 ప్యూపాలు చెత్తలో పోశాను. నాలుగు రోజుల తర్వాత ఆ చెత్త బుట్ట మీదే ఒకటి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నిమ్మ సీతాకోకచిలుక ప్యూపా వేడి రోజుల్లో వారం, పది రోజుల్లో విచ్చుకుంటుంది. చలిలో నెలల తరబడి ఆగిపోగలదు. చావు కాదది, నిద్ర. ఈ కుటుంబంలో చాలా జాతులకు పగలు పొట్టిగా ఉందన్న సంగతి పురుగుగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. అంటే మీ బ్యాచ్ కార్తీకంలో ఆకు తింటున్నప్పుడే సగం నిర్ణయం జరిగిపోయిందన్నమాట.

బతికుందో లేదో చూడాలంటే వేలితో మెల్లగా తాకండి. బతికున్నది చాలాసార్లు నడుము దగ్గర చిన్నగా కదులుతుంది, చేతికి బరువుగా ఉంటుంది. చచ్చినది ఎండిపోయి పొట్టులా తేలికవుతుంది, లేదా నల్లబడి కంపు కొడుతుంది. రంగు చూసి మాత్రం కంగారు పడొద్దు. ఆకుల్లో కట్టినది పచ్చగా, ఎండు పుల్ల మీద కట్టినది మట్టి రంగులో ఉండటం మామూలే. సూది గుచ్చినట్టు చిన్న బెజ్జం కనిపిస్తే అది వేరే కథ.

కరివేపాకు రైతు (బొబ్బిలి)
మేం ఈ పురుగుల్ని వదిలించుకోలేక వేపనూనె కొట్టి కొట్టి చస్తుంటే, మీరు కుండీలు పెట్టి మరీ పెంచుతున్నారా! కలికాలం.

కోట నర్సరీ
😀 మీ తోటలో ఏరినవి మాకు పంపించండి అన్నా.

నాగావళి గారూ, టార్చి వేసి చూశాను. నాలుగింటికి బెజ్జాలు ఉన్నాయి. ప్యూపాల్ని లోపలే తినేసే కందిరీగలుంటాయంటారే, అవేనా?

నాగావళి గట్టు
అవే. దోమంత కూడా ఉండవు. పురుగు చర్మం విడిచి ప్యూపాగా మారిన మొదటి గంటల్లో పెంకు ఇంకా మెత్తగా ఉంటుంది. అప్పుడు దాని మీద వాలి లోపల గుడ్లు పెట్టేస్తాయి. ఒక్క ప్యూపాలోంచి పదుల కొద్దీ బయటికొస్తాయి. ఆ నాలుగూ తీసేయండి. తల పైకి పెట్టి నడుముకి దారం కట్టుకున్న పురుగు కనిపించగానే సన్నటి నెట్ కప్పేస్తే సగం బాధ తీరుతుంది.

ఉద్దానం కుర్రోడు (కవిటి)
మా బాధ వేరు. జీడి పూతకొచ్చే రోజుల్లో పక్క తోటల్లో మందు కొడితే, గాలికి వచ్చిన తుంపరకే నా గొంగళ్ళన్నీ ఒక్క పూటలో రాలిపోయాయి. ఇంకో తప్పు నాదే. నర్సరీలో కొన్న నిమ్మ మొక్కను ఆ రోజే లోపల పెట్టాను, దాని ఆకుల మీద ముందే ఏదో కొట్టి ఉన్నారు. కొన్న మొక్కను నెల రోజులు బయట ఉంచి, నీళ్ళతో కడిగి, కొత్త చిగుళ్ళు వచ్చాకే వాడండి.

రాజాం ఆడపడుచు
పుట్టింది రాజాంలో, ఇప్పుడు ఉండేది ఇంగ్లండ్ ఉత్తరాన. మీ 13 డిగ్రీలు చూస్తే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఇక్కడ మా పెరటి గ్లాస్‌హౌస్‌లో ఏప్రిల్ రాత్రి కూడా 4, 5 ఉంటుంది. హీటరు లేకుండా ఉష్ణదేశపు సీతాకోకచిలుకల్ని పెంచుదామని రెండు వేసవులు కష్టపడ్డాను. గొంగళ్ళు చావవు, కానీ తిండి మానేసి ముడుచుకుని కూర్చుంటాయి. మూడు వారాల పని ఏడు వారాలు పట్టింది. ఎలాగో రెక్కలు వచ్చినా లాభం లేదు. ఛాతీ కండరాలు ముప్పై డిగ్రీల దగ్గరికి వేడెక్కితే గానీ సరిగ్గా ఎగరలేవు. ఎండ లేని రోజు గోడకి అతుక్కుపోయి ఉంటాయి. ఎగరనివి జత కట్టవు, జత కట్టనివి గుడ్లు పెట్టవు.

టికెట్ పెట్టి చూపించే పెద్ద బటర్‌ఫ్లై హౌసుల్లో ఏడాది పొడుగునా పాతిక డిగ్రీల పైన ఉంచుతారు. గ్యాస్ బిల్లు తలుచుకుంటేనే గుండె ఆగుతుంది. పైగా ఇక్కడిది కాని జాతిని బయటికి వదిలితే 1981 నాటి చట్టం ప్రకారం నేరం. మీరు పెరట్లో గుడ్లు ఏరి, పెంచి, అదే పెరట్లో వదులుతున్నారు. మీది రాజయోగం.

గజపతినగరం మాస్టారు
కోట తమ్ముడూ, రాత్రి బయట ఎంత ఉందో కూడా కొలిచావా? మామూలు పాలిథిన్ షీటు రాత్రి వేడిని పెద్దగా ఆపదు, పరారుణ కిరణాలు దాన్ని దాటి ఆకాశంలోకి పోతాయి. మబ్బు, గాలి లేని రాత్రి లోపల బయటికంటే చల్లగా అయినా ఆశ్చర్యం లేదు.

ఖర్చు లేని మందు నీళ్ళ డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ముకి నల్ల రంగు వేసి ఎండ తగిలే చోట పెట్టు. రాత్రికి ఆ నీళ్ళు 5 డిగ్రీలు చల్లబడితే సుమారు 1.16 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి వదులుతాయి. నూరు వాట్ల బల్బు రాత్రంతా వెలిగినట్టే. మూడు పెడితే తేడా తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికే కర్టెన్లు దించెయ్యి.

కోట నర్సరీ
బయట 14, లోపల 13! మాస్టారు చెప్పినట్టే ఉంది. నేను థర్మామీటరు చెడిపోయిందనుకున్నాను. ఈలోగా ప్యూపాల దగ్గర బల్బు పెట్టమంటారా?

నాగావళి గట్టు
వద్దు. దగ్గరగా బల్బు పెడితే ఎండిపోతాయి. ఎండిన ప్యూపా విచ్చుకున్నా రెక్కలు పెంకుకి అంటుకుపోతాయి. రెండు రోజులకోసారి పొద్దున్నే సన్నటి తుంపరలా నీళ్ళు చల్లండి, చాలు. నన్నడిగితే మీ 13 కన్నా మీ 38 ప్రమాదం. పదకొండింటికి పక్క కర్టెన్లు ఎత్తేయండి.

పాలకొండ పక్షి
ఒక మాట. పెరటి నిమ్మ, జిల్లేడు మీద దొరికేవి సరే, కొండల మీదికెళ్ళి కనిపించిన రకమల్లా పట్టుకురావద్దు. కొన్నిటికి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది.

కోట నర్సరీ
ఆలస్యంగా రాస్తున్నాను. రథసప్తమికి అరసవిల్లి వెళ్ళి, రాత్రి అక్కడే మా చిన్నత్త ఇంట్లో పడుకుని మర్నాడు వచ్చేసరికి పాలీహౌస్‌లో ఐదు ఎగురుతున్నాయి! అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తింది. తర్వాతి పది రోజుల్లో ఇంకో ఆరు వచ్చాయి. ఒకదానికి రెక్క వంకర. ప్యూపా కింద పడితే దారంతో కట్టి వేలాడదీశాం, రెక్క చాచుకోవడానికి చోటు చాల్లేదనుకుంటా. దానికి దూదితో తేనె నీళ్ళు పడుతోంది మా అమ్మాయి. మూడు నల్లబడిపోయాయి. బెజ్జాల నాలుగూ ముందే తీసేశాం.

మిగతావాటిని బయట బంతి పూల దగ్గర వదిలాం. లోపల ఉంచిన రెండు రోజులూ ఒక్క గుడ్డూ పెట్టలేదు, నిమ్మ చిగుళ్ళు ఎదురుగా ఉన్నా షీటుకి కొట్టుకోవడమే. షీటు వల్ల వెలుతురు తేడానా, చోటు చాలకా? ఎవరైనా పాలీహౌస్ లోపలే గుడ్లు పెట్టించారా?

ఇంకో ఏడు అలాగే వేలాడుతున్నాయి. తాకితే కదులుతున్నాయి.