రాగికి ‘నిక్షేపం’ తగిన మాటేనా?

సభ్యుల ప్రశ్న: నిక్షేపం అంటే ఒకరు దాచి ఉంచినది కదా, కొండలో తనంతట తాను పుట్టిన రాగికి ఆ పేరు ఎలా చెల్లుతుంది?

సమాధానం: సందేహం న్యాయమైనదే. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహార పదాలలో, అంటే వ్యాజ్య విషయాలలో, ఋణాదానం (అప్పుల వ్యవహారం) తరువాతిది నిక్షేపమే. నమ్మకంతో ఒకరి వద్ద ఉంచిన సొమ్ము అని అక్కడి అర్థం. భూమి క్రయపత్రాలలో కనిపించే అష్టభోగాలలోనూ, అంటే ఎనిమిది రకాల హక్కులలోనూ, నిక్షేపం, పాషాణం (రాయి) వేర్వేరు హక్కులు. అయినా భూగర్భ శాస్త్రం ఈ మాటను స్వీకరించడం నాకు తప్పుగా తోచదు.

పల్నాటి అగ్నిగుండాల ప్రాంతాన్నే తీసుకుందాం. అక్కడ నల్లకొండ, ధూకొండలలో ప్రధానంగా రాగి, బండ్లమోటులో సీసం ఉన్నాయి. వాటికి ఆశ్రయమిచ్చినవి కడప రాతి సముదాయంలోని నల్లమల వర్గానికి చెందిన, వంద కోట్ల ఏళ్లకు పైబడిన డోలమైట్ (సున్నపురాయి వంటి రాయి), క్వార్ట్జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పొరలు. ఆ లోహం అవక్షేపంతో (నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుకలతో) పాటే సముద్రపు అడుగున చేరిందా, లేక రాయి గట్టిపడ్డాక వేడి లవణజలాలు మోసుకొచ్చి పగుళ్లలోనూ పొరల సందుల్లోనూ వదిలాయా అన్నది పండితుల వాదం. కానీ ఏ పక్షాన నిలిచినా, చెదిరి ఉన్న లోహాన్ని నీరు కరిగించి తెచ్చి ఒకచోట దింపిందన్న మాట మాత్రం నిలుస్తుంది. తెచ్చి ఉంచినది గనుక అది నిక్షేపమే; ఉంచినవాడు మనిషి కావాలన్న నియమం ఆ మాటకు మూలమైన క్రియాధాతువులో లేదు.

ఆ దింపిన రాగిలో ముఖ్యమైనది చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఈ పసుపుపచ్చని ఖనిజం బరువులో మూడో వంతుకు పైగా రాగే. అయితే అది రాయిలో చెదురుమదురుగా ఉంటుంది కాబట్టి, తవ్వితీసిన ముడిఖనిజంలో రాగి సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. నేలపైకి వచ్చిన భాగం గాలికి, వానకు విచ్ఛిన్నమై మైలుతుత్తం కలిసిన ఆమ్లపు నీరుగా మారి కిందికి ఇంకుతుంది. చుట్టూ డోలమైట్ ఉంటే ఆ ఆమ్లం అక్కడికక్కడే విరిగి, రాగి దూరం పోలేక మాలకైట్ అనే పచ్చని రాగి ఖనిజంగా పేరుకుంటుంది. రాగి చెంబుకు పట్టిన చిలుమూ దీనికి చాలా దగ్గరి బంధువే.

నాకు అభ్యంతరం మరొకచోట ఉంది. రాతిపై పచ్చని మరక కనబడగానే ‘రాగి నిక్షేపాలు బయటపడ్డాయి’ అని పత్రికలు రాస్తాయి. మరకకు ‘జాడ’ అన్న మాట చాలు. బోర్లు వేసి పొర మందం, పొడవు, లోతు, లోహపు పాలు తేల్చిన తరువాతే నిక్షేపం అనాలి. చిన్నదైతే ‘చిన్న నిక్షేపం’ అనడానికి మొహమాటపడనక్కరలేదు.