చీమ అడిగింది ‘ఫె’తోనా, ‘ఫ’తోనా?

గోదారిగట్టు:
ఫ్రెంచి కవి లా ఫోఁతేన్ పద్యంగా రాసిన చీమ–మిడత కథలో చివర, వేసవంతా పాడి అప్పుకోసం వచ్చిన మిడతని చీమ ‘వేసవిలో ఏం చేసేదానివి?’ అని అడిగే మాట పొద్దుట్నుంచీ నోట్లో నానుతోంది. ‘క ఫెజియే వూ’ దాకా వస్తుంది. ఆపైన ‘పాఁదాఁ లెతే’ అని పోతోంది గానీ పాదం కుదరట్లేదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి తీసుకున్నవాళ్ళెవరైనా అందుకోండి. ఇంకోటి: వేసవి అయిపోయాకే కదా అడుగుతోంది, పాసె కోఁపోజేలో (అయిపోయిన పనిని చెప్పే భూతకాలం) ‘ఏం చేశావ్’ అంటే సరిపోయేదానికి ఆఁపార్ఫే (అప్పట్లో సాగుతున్న పనినో అలవాటునో చెప్పే భూతకాలం) దేనికి?

మూడోబెంచి:
‘క ఫజియే-వూ ఓ తాఁ షో?’ ఓ తాఁ షో అంటే వేడి కాలంలో అని. లెతే రెండో పాదంలోది, ‘తూ లెతే’ (వేసవంతా). మీకు రెండూ కలిసిపోయాయి. అన్నట్టు ‘ఫె’ కాదండీ, ‘ఫ’.

అరసున్న:
‘ఫ’ ఎలా అవుతుంది? జ (నేను) ఫే, ఇల్ (అతను) ఫే, వూ (మీరు) ఫేత్, అంతా ఏకారమే. రాతలో ఎఫ్ పక్కన ఏ-ఐ కనబడుతూనే ఉంది.

మూడోబెంచి:
ఆఁపార్ఫేకి ధాతువు ‘నూ’ (మేము) రూపం నుంచి తీస్తారు మాస్టారూ, ‘జ’ రూపం నుంచి కాదు. నూ ఫజోఁ. ఆ ‘ఓఁ’ తీసేసి ప్రత్యయం తగిలించండి: జ ఫజే, నూ ఫజియోఁ, వూ ఫజియే. ఒక్క ఎత్ర్ (ఉండు) తప్ప క్రియలన్నీ ఈ దారే. రాత ఏ-ఐ అయినా ఇక్కడ పలికేది సగం మింగేసిన అచ్చు. వోల్టేర్ అయితే ఈ క్రియలో ఏ-ఐ పీకేసి ఉత్త ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంతోనే రాసేవాడు.

యానాంవీధి:
మా పెదతాత 1954కి ముందు యానాంలో ఫ్రెంచి బళ్ళో చదువుకున్నాడు. ఈ పద్యం ‘ఫె’ అనే చదివేవాడు. పుస్తకం చూసి చెప్పడం వేరు, దొరల దగ్గర నేర్చుకోవడం వేరు.

మూడోబెంచి:
‘చదివేవాడు’ అన్నారు చూశారూ! ‘చదివాడు’ అనలేదు. గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకి అదే జవాబు.

ఏడక్షరాలు:
ఫ, ఫె వదిలేయండి, అసలు తప్పు ‘జియే’లో ఉంది. అందరూ జి, యే అని చీల్చి రాస్తున్నారు. ఈ కథలో ప్రతి పాదానికీ ఏడక్షరాలు, ‘తూ లెతే’ ఒక్కదానికే మూడు. లెక్కపెట్టండి: క, ఫ, జ్యే, వూ, ఓ, తాఁ, షో. ‘జ్యే’ని చీలిస్తే ఎనిమిదై పాదం కుంటుతుంది. చివర చీమ అనే ‘వూ షాఁత్యే? జాఁ స్వీ ఫోర్ తేజ్’ (పాడేదానివా? బహు సంతోషం) కూడా అంతే. ముందున్న జంట హల్లులో రెండోది రేఫో లకారమో అయితేనే చీలుతుంది, ‘వూ జాఁత్రియే’ లాగా. గణాలు కట్టే జాతికి ఇది కూడా నేనే చెప్పాలా!

అరసున్న:
ఛందస్సు దాకా వెళ్ళారు కాబట్టి 1668 నాటి రాత కూడా చూడండి. అందులో మిడత ‘పాడేదాన్ని’ అన్నచోట చివర ఏ-ఐ-ఎస్ లేదు, ఓ-ఐ-ఎస్ ఉంది. అంటే అది ‘జ షాఁత్వా’ అని ఉండాలి. ఏ-ఐ రాతని ఫ్రెంచి అకాడమీ నిఘంటువు ఒప్పుకున్నది 1835లో.

మూడోబెంచి:
1835లో మారింది రాత, పలుకు కాదు. లా ఫోఁతేన్ నాటికే రాజసభలో ‘షాఁతే’ అనేవాళ్ళు. ఫ్రాఁస్వా అన్న మనిషి పేరుకీ ఫ్రాఁసే అన్న భాష పేరుకీ ఒకప్పుడు ఒకటే రాత. ఇంగ్లీషువాళ్ళు ‘కానసర్’ని ఆ పాత ఓ-ఐతోనే పట్టుకెళ్ళి ఇప్పటికీ అలాగే రాస్తున్నారు.

ఏడక్షరాలు:
ఓ-ఐ ఆ రోజుల్లో పలికినా ‘వే’ అని పలికేది, ‘వా’ కాదు. కాబట్టి షాఁత్వా ఎలాగూ చెల్లదు. షాఁత్వేయా, షాఁతేయా అంటే, పాదం చివర ప్రాసస్థానంలో ఉంటే తేలిపోయేది. అది కాస్తా పాదం మొదట్లో కూర్చుంది, ప్రాసేమో ‘దెప్లేజ్–తేజ్’ మీద పడింది.

చీమలపుట్ట:
అసలు అది మిడతే కాదు. ఫ్రెంచి పద్యంలో ఉన్నది సిగాల్, అంటే చెట్టుకి అతుక్కుని చెవులు చిల్లులు పడేలా కూసే పురుగు. ఇంగ్లీషు వాచకాల మీదుగా మనకి మిడతై దిగింది. ఫాబ్ర్ అనే కీటక శాస్త్రవేత్త ఈ కథని ఉతికి ఆరేశాడు. శీతాకాలానికి సిగాల్ బతికే ఉండదట. గింజలూ ఈగలూ తినే నోరు దానికి లేదు, గొట్టంతో చెట్టు రసం పీలుస్తుంది. ఆ రసం కోసం దాని మీద ఎగబడేవి చీమలేనట. చచ్చినదాని గురించి అడగాలంటే ఆఁపార్ఫే తప్ప దిక్కేముంది?

యానాంవీధి:
కథ మన పంచతంత్రంలోదే కదా, మనవాళ్ళు ఏమన్నారో చూస్తే పోలా?

ఏడక్షరాలు:
ఇది ఈసపుది. ‘ఎక్కువ భాగం పిల్పే అనే భారతీయ ఋషికి బాకీ’ అని లా ఫోఁతేన్ చెప్పుకున్నది 1678 సంపుటం గురించి. మన కథ 1668 సంపుటంలో మొట్టమొదటిది.

గోదారిగట్టు:
నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మూడోబెంచి:
ఉండదు లెండి. కథ మొత్తం 22 పాదాలు. ఆఁపార్ఫే ఎన్నిసార్లు వచ్చిందో చూడండి: ఫజియే, షాఁతే, షాఁత్యే. మూడూ ఆ చివరి గొడవలోనే, ఆ రెండు పురుగుల నోటనే. కవి తన గొంతుతో ఒక్కటి కూడా వాడలేదు. తను మాట్లాడేటప్పుడు మొదటి పాదంలోనే ‘ఎయాఁ షాఁతే’, అంటే పాడేసి, అని లెక్క మూసేశాడు. ‘వేసవంతా’ అని గడువు కట్టాక ఫ్రెంచిలో మామూలుగా అలాగే మూస్తారు. మిడత మాత్రం గడువు చెప్పదు, ‘రాత్రీ పగలూ, వచ్చేపోయే వాళ్ళకి పాడుతుండేదాన్ని’ అంటుంది. దాని లెక్కలో ఆ పాట ఇంకా ముగియలేదు.

సూరిగారిశిష్యుడు:
ఈ సూక్ష్మం కోసం పారిస్ దాకా ఎందుకండీ? పోతన ‘సిరికిం జెప్పఁడు, శంఖచక్ర యుగముం జేదోయి సంధింపఁడు’ చూడండి. జరిగిపోయిన కథ, కానీ క్రియలో భూతకాలం ఎక్కడుంది? మన వ్యతిరేక క్రియకి కాలమే లేదు. ‘చెప్పఁడు’ నిన్నటికీ సరే, రేపటికీ సరే. ‘పరివారంబునుఁ జీరఁడు, అభ్రగపతిం బన్నింపఁడు’ అని పోతుంటే మనమే ఆయన వెంట పరిగెడతాం. ఏ ఆఁపార్ఫే చేస్తుందా పని?

ఏడక్షరాలు:
బాగా పట్టారు గానీ అది మీ మీదకే తిరుగుతుంది. ఆ పద్యాన్ని ఫ్రెంచిలో పెట్టేవాడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. ఆఁపార్ఫే వేస్తే విష్ణుమూర్తి అవేవీ చేయకుండా అక్కడే నిలబడిపోయినట్టుంటుంది. పాసె సాఁప్ల్ (కథల్లో ముగిసిన పనులు చెప్పే భూతకాలం) వేస్తే ఒక్కొక్కటీ వదిలేసి బయల్దేరినట్టుంటుంది. నా ఓటు రెండోదానికి.

సూరిగారిశిష్యుడు:
‘గజప్రాణావనోత్సాహియై’ అని చివర్న ఉండగా నిలబడ్డం ఏమిటండీ! తద్ధర్మం (మూడు కాలాలకీ చెల్లే క్రియ) గురించి ఒకసారి బాలవ్యాకరణం తిరగేసి రండి.

ఇగజూడు:
గీ లొల్లంత ఎందుకు? మా దిక్కు ‘ఎండకాలం ఏం జేస్తుంటివి?’ అంటం. ‘పాట పాడుతుంటి’ అంటది. అలవాటు అనుకో, అప్పుడు జరుగుతున్నది అనుకో, రెండూ అండ్లనే వస్తయి. మీ ‘చేసేదానివి’ల అలవాటొక్కటే ఉన్నది. ‘తాఁ షో’కి ఎండకాలం కంటె మంచి మాట కూడ లేదు.

గోదారిగట్టు:
ఇది నాకు నచ్చింది. ఆఁపార్ఫే రెండర్థాలూ ‘చేస్తుంటివి’లో ఇమిడిపోయాయి.

అరసున్న:
ఒప్పుకుంటాను, కానీ అక్కడున్నది ‘తు’ కాదు, ‘వూ’. అప్పుకోసం గుమ్మంలోకి వచ్చినదాన్ని చీమ ‘మీరు’ అంటోంది. ఆ మర్యాదలోనే ఉంది వాత. ‘వేసవిలో తమరేం చేస్తుండేవారో?’ అంటేగానీ ఆ ఎత్తిపొడుపు రాదు. ‘పాడుతుండేవారా? బహు సంతోషం. అయితే ఇప్పుడు ఆడండి!’

ఇగజూడు:
‘ఏం జేస్తుంటిరి’ అంటె అయిపాయె. ‘తమరు’ అంటె కచేరిల దరఖాస్తు పెట్టినట్టుంటది.

మూడోబెంచి:
మిడత కూడా చీమని ‘వూ’ అనే అంటుంది, ‘న వూ దెప్లేజ్’. అక్కడ ఎత్తిపొడుపు లేదు మరి, రెండిటికీ ‘తమరు’ పెడతారా?

అరసున్న:
లేదని ఎవరన్నారు? ‘ఏమనుకోకపోతే’ అన్న మాట వినయమో పొగరో ముందు తేల్చండి.