తోతాపురి వేసినంత మాత్రాన అది మన బీరు అవుతుందా?

పలమనేరు అబ్బాయి:
బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఆఫీసులో, తమ తమ రాష్ట్రాల్లో తయారయ్యే క్రాఫ్ట్ బీర్లలో (చిన్న బ్రూవరీలు కొద్దికొద్దిగా చేసేవి) ఏది ఇష్టమో అందరూ చెప్పుకున్నారు. పుణె వాళ్లకు డూలాలీ అనే బ్రూవరీ 2009లోనే వచ్చింది. ఇక్కడివాళ్లకు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో వచ్చింది, బాస్మతి బియ్యం వేసి చేసే బీరు కూడా అక్కడ ఉంది. నా వంతు వచ్చేసరికి విశాఖలో ఒక మైక్రోబ్రూవరీలో తాగిన గోధుమ బీరు గురించి చెప్పాను. అరటిపండు, లవంగం కలిసినట్టు వాసన. చాలా నచ్చింది. కానీ ఆ వాసన జర్మనీ ఈస్ట్‌ది, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవిది. మన నేలది ఏదీ అందులో లేదు.

తోతాపురి మామిడి గుజ్జు, రాగులు వేసి మన చిత్తూరు జిల్లాలో బీరు చేస్తే నేను మొదట చెప్పే పేరు అదే. దాన్ని 'మన బీరు' అనడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?

ఈతవనం, చిత్తూరు:
నాకుంది తమ్ముడూ. మనకు సొంతది లేదన్నట్టు మాట్లాడుతున్నావు. ఈతకల్లు ఏమైంది? తెల్లవారుజామున దించితే తీపి, ఎండ ఎక్కే కొద్దీ పులుపు, సాయంత్రానికి ఘాటు. ఈస్ట్ ఎవరూ కొని వేయరు, గాలిలో ఉన్నదీ ముంతకు పట్టి ఉన్నదీ పని చేస్తుంది. మా తాత చెట్టెక్కి దించేవాడు. ఏ చెట్టు కల్లో వాసన చూసి చెప్పేవాడు. క్రాఫ్ట్ అంటే అది కాదా? స్టీలు ట్యాంకులో చేస్తేనే గౌరవమా?

పలమనేరు అబ్బాయి:
అన్నా, కల్లు మీద గౌరవం నాకూ ఉంది. కానీ కల్లు బీరు కాదు. బీరు గింజ నుంచి వస్తుంది. గింజలోని పిండిని ముందు చక్కెరగా మార్చాలి, ఆ తర్వాతే పులియబెట్టాలి. కల్లులో చక్కెర చెట్టులోనే తయారై ఉంటుంది. ఆ లెక్కన అది వైన్‌కు దగ్గర.

బంగారుపాళ్యం తోట:
మామిడి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు అన్నారు. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి. మా ట్రాక్టరు ఒక ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రాత్రులు నిలబడింది. దించేసరికి అడుగున ఉన్న కాయ మెత్తబడిపోయింది.

ఇలాంటి మాట ఎత్తిన ప్రతిసారీ 'రైతుకు మేలు' అంటారు. లెక్క చూడండి. వెయ్యి లీటర్ల బీరుకు నూరు, నూటయాభై కిలోల గుజ్జు పోస్తారనుకుందాం. అంటే కాయ మహా అయితే మూడు క్వింటాళ్లు. ఒక ట్రాక్టరు లోడు కూడా కాదు. బీరు చేసుకోండి, తాగండి. రైతు పేరు మాత్రం దానికి తగిలించకండి.

నగరి, బ్రూవరీ పని:
ఆరేళ్లుగా బెంగళూరులో ఒక బ్రూవరీలో చేస్తున్నాను. పని సంగతి చెప్తాను.

బార్లీ మన దగ్గర పండదు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి తెప్పించాలి. బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూలు దాదాపు అన్నీ దిగుమతే. కాబట్టి నూటికి నూరు పాళ్లు మనదైన బీరు ఎవరికీ సాధ్యం కాదు. అయినా మాల్టు అన్నది మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పట్టిస్తాం కదా, చంటిబిడ్డలకు జావ కాచడానికి. బార్లీకి చేసేదీ అదే పని.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. బార్లీ గింజ నలిగాక దాని పొట్టే జల్లెడలా పరుచుకుని రసాన్ని కిందికి దించుతుంది. రాగికి అలాంటి పొట్టు లేదు. ఎక్కువ వేస్తే సంకటి లాగా ముద్దకట్టి ట్యాంకులో కూర్చుంటుంది. మేము ఒకసారి ఐదో వంతు రాగి మాల్టు వేసి, వరి ఊక కలిపి చేశాం. దిగింది, నెమ్మదిగా. రంగు కొంచెం ఎర్రబడింది, చివర్లో వేయించిన రాగి వాసన తగిలింది. నేను చేసినవాటిలో నాకు ఇష్టమైన బీరు అదే.

మామిడి విషయంలో పలమనేరు తమ్ముడితో ఏకీభవిస్తాను. బేనీషా (బంగినపల్లి) వేయడం దండగ. తీపంతా ఈస్ట్ తినేస్తుంది, చివరికి మిగిలేది పులుపూ వాసనే. బేనీషాలో పులుపు తక్కువ, బీరు చప్పబడుతుంది. తోతాపురి పులుపు నిలుస్తుంది. అయితే గుజ్జును మొదటిసారి పులిసి అణిగాకే పోయాలి. ముందే పోస్తే పైకి లేచే గ్యాసుతో పాటు మామిడి వాసన వెళ్లిపోతుంది.

కొర్లగుంట, తిరుపతి:
రుచి గురించి నాకు పేచీ లేదు. 'మన జిల్లాలో' అన్నచోట ఆగిపోయాను. ఈ మాట రేపు తిరుపతి దాకా వస్తుంది. తిరుమల కొండ మీద మద్యం, మాంసం నిషేధం. అలిపిరి నుంచి నడిచి వెళ్లేవాళ్లు బస్సు దిగేది మా ఊళ్లోనే.

ఇంకొకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఇంట్లో నాన్న జీతం మిగిలిన నెలలు అవే అని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. 'మన' అనే ముందు మా అమ్మలాంటి వాళ్లు కూడా ఆ మాటలో ఉన్నారని గుర్తుపెట్టుకోండి.

పలమనేరు అబ్బాయి:
అక్కా, తిరుపతిలో ఉండాలని నేను అనను. మీ అమ్మగారి మాట చదివాక వాదించబుద్ధి కాలేదు. బంగారుపాళ్యం అన్న లెక్కకు కూడా నా దగ్గర జవాబు లేదు, రైతు పేరు వాడను. కానీ రాగి వాసన తగిలిన బీరు గురించి చదివాక నా కోరిక ఇంకా పెరిగింది. బార్లీ ఎక్కడిదైనా, తాగినవాడికి చిత్తూరు గుర్తొస్తే నాకు అది చాలు.

ఈతవనం, చిత్తూరు:
నగరి తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. బార్లీ బయటిది, హాప్స్ బయటివి సరే. ఈస్ట్ కూడా బయటిదేనా? మా కల్లు ముంత అడుగున మడ్డి ఉంటుంది. దాంతో నీ రాగి బీరు పులియదా?

నగరి, బ్రూవరీ పని:
పులుస్తుంది అన్నా. కానీ మడ్డిలో ఈస్ట్ ఒక్కటే ఉండదు, పులుపు చేసే బ్యాక్టీరియా కూడా వస్తుంది. నేరుగా వేస్తే మా ట్యాంకులన్నిటికీ పట్టుకుంటుంది. ముందు ఈస్ట్‌ను వేరు చేసి, చిన్న సీసాలో పెంచి చూడాలి. ఇన్నేళ్లలో నాకు ఈ ఆలోచన రాలేదు. తెల్లవారుజామున దించిన ముంతలోది రెండు చెంచాలు చాలు. వేడినీళ్లతో కడిగిన సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి తీసుకురండి. బిగిస్తే దారిలోనే పగులుతుంది.