రెండేళ్ల పాపతో జర్మనీలో పోస్ట్‌డాక్: ముందు కిటా సంగతి చూడండి

చెల్లీ, రెండేళ్ల పాపతో జర్మనీలో పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే టెంపరరీ పరిశోధన ఉద్యోగానికి, రావచ్చా అని అడిగారు కదా. మాది రాజోలు వైపు, మీది అమలాపురం అన్నారు కాబట్టి ఇంట్లో మనిషిలా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. అమ్మ వచ్చి పాపని చూసుకుంటుందిలే అన్న ధైర్యంతో మాత్రం ఈ ఉద్యోగానికి రావద్దు. అమ్మకి ఇచ్చేది షెంగెన్ విజిటర్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే తక్కువ రోజుల వీసా, 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండటానికి లేదు. మీ కాంట్రాక్టేమో రెండేళ్లు.

అందుకని కిటాకి, అదే ఇక్కడి డేకేర్‌కి, ఇప్పుడే దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టండి. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు 2013 ఆగస్టు నుంచి చట్టప్రకారం హక్కే, అయినా చాలా ఊళ్లలో వెయిటింగ్ లిస్టులే. యూనివర్సిటీలో ఫ్యామిలీ సర్వీస్ ఆఫీసు ఉంటే వాళ్లకీ మెయిల్ రాయండి, కొన్నిచోట్ల ఉద్యోగుల పిల్లలకి విడిగా సీట్లుంటాయి. సీటు దొరికాక కూడా మొదటి రోజే పాపని వదిలి ల్యాబ్‌కి పోవడం కుదరదు, అలవాటు పడేదాకా రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండాలి. ఆ రోజుల్లో పెద్ద ప్రయోగాలేవీ పెట్టుకోకండి, ప్రొఫెసర్‌కి ముందే చెప్పేయండి.

అమ్మావాళ్లని సరిగ్గా అప్పుడు రప్పించండి. చాలా కిటాలు కొత్త పిల్లల్ని ఆగస్టు, సెప్టెంబరుల్లో చేర్చుకుంటాయి. మనవైపు అప్పటికి సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు అయిపోతాయి, కోతలకి నవంబరు దాకా టైముంటుంది, వ్యవసాయం చేసే నాన్నగారు మనసు పెట్టి ఉండగలిగేది ఆ నెలల్లోనే.

ఇంకోటి, ఇక్కడి చట్టంలో పీహెచ్‌డీ తర్వాత టెంపరరీ కాంట్రాక్టులకి మామూలుగా 6 ఏళ్ల పరిమితి ఉంది, పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఒక్కో బిడ్డకి 2 ఏళ్లు కలుస్తాయి. పెరిగేది ఆ పరిమితే, మీ కాంట్రాక్టు దానంతటదే పెరగదు. పొడిగింపుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో సంతకం పెట్టకముందే అడగండి, మొహమాటపడితే నష్టపోయేది మనమే. ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్, కన్సాలిడేటర్ గ్రాంట్లకి పీహెచ్‌డీ అయ్యాక ఇన్నేళ్లలోపే దరఖాస్తు పెట్టాలన్న గడువు కూడా తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు పెరుగుతుంది, దరఖాస్తులో తప్పకుండా రాసుకోండి.

*

అక్క చెప్పినవన్నీ నిజమండి, నేను తండ్రి వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మీవారికి డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకునే హక్కుంది, కానీ కిటాలో కూర్చునే ఆ వారాలు ఆయనే తీసుకోవాలి. మా ఇంట్లో నేనే కూర్చున్నాను. ఊళ్లో చుట్టాలు "అదేంట్రా, నువ్వు ఆయాపని చేస్తున్నావా" అన్నారు, అననివ్వండి. మా ఆవిడ పరిశోధన పేపరు ఆగలేదు, పాపకి నా దగ్గర చనువూ పెరిగింది.

మీ అమ్మావాళ్లది గోదావరి లంక ఊరైతే ఆగస్టు మాత్రం వద్దండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వచ్చినప్పటి నుంచి మా అమ్మ వానాకాలంలో ఇల్లు కదలదు. వరదలు తగ్గాక సెప్టెంబరు ఆఖర్న బయల్దేరేలా చూసుకోండి. వాళ్ల వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు, బీపీ షుగరు మందులకి డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించి తెచ్చుకోమనండి.