కూకట్‌పల్లి ‘సెటిలర్ల సీటు’ అన్నది లెక్కా, నమ్మకమా?

మూసాపేట సిగ్నల్:
ఎన్నికలొస్తే టీవీల్లో అదే మాట: ఆంధ్ర సెటిలర్లు ఎటు వేస్తే కూకట్‌పల్లి అటే. అందులో నిజం ఉందనే నా వాదన. 2009లో ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో లోక్‌సత్తా గెలిచిన ఒకే ఒక్క సీటు ఇది. ఆ పార్టీ అధినేత జయప్రకాశ్ నారాయణ (జేపీ) కాంగ్రెస్ మీద 15 వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. 2014లో తెలంగాణ వచ్చిన ఊపు ఉన్నా టీడీపీ నుంచి మాధవరం కృష్ణారావు 43 వేల పైచిలుకు తేడాతో టీఆర్ఎస్‌ని ఓడించారు. 2016 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో టీడీపీకి దక్కింది ఒకే ఒక్కటి, అది కేపీహెచ్‌బీ (హౌసింగ్ బోర్డు) కాలనీ. ఇంకేం రుజువు కావాలి?

ఫారం ఇరవై:
అదే కృష్ణారావు టీఆర్ఎస్‌లోకి వెళ్లాక ఏమైందో కూడా రాయండి మరి. 2018లో టీడీపీ అభ్యర్థి నందమూరి సుహాసినిని 41,049 ఓట్లతో ఓడించారు. ఆవిడ ఎన్టీఆర్ మనవరాలు. తండ్రి హరికృష్ణ ఆగస్టు 29న పోయారు, పోలింగ్ డిసెంబరు 7న. సానుభూతి ఉంది, కాంగ్రెస్ పొత్తు ఉంది, చంద్రబాబు స్వయంగా ప్రచారానికి దిగారు. సెటిలర్ల సీటే అయితే సైకిలు అంత వెనక ఎందుకు ఆగిపోయింది? 2023లో ఆయన ఆధిక్యం 70 వేలు దాటింది. పవన్ కల్యాణ్ పార్టీ బీజేపీ పొత్తుతో నిలబడి మూడో స్థానంలో ఉండిపోయింది. గెలిచేది ఊరి పేరు కాదండీ, డ్రైనేజీ పని చేయించగల అధికార పార్టీ మనిషి.

పాత ఖైరతాబాద్:
ఇద్దరూ కథని 2009 నుంచే మొదలుపెడుతున్నారు. అంతకుముందు కూకట్‌పల్లి వాళ్ల ఓటు ఖైరతాబాద్‌లో. అక్కడ కాంగ్రెస్ నేత పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) 1985, 1989, 1994, 2004ల్లో గెలిచారు. 1994లో ఎన్టీఆర్ గాలి కాంగ్రెస్‌ని ఊడ్చేసినా ఆయన నిలబడ్డారు. 1999లో మాత్రం టీడీపీ తరఫున సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు చేతిలో ఓడారు. 2001 జనాభా లెక్కలు పట్టుకుని నియోజకవర్గాల గీతలు మళ్లీ గీస్తే 2009 ఎన్నికలకు ఈ సీటు పుట్టింది.

అసలు తిరకాసు ఆ గీతల్లోనే ఉంది. హైదర్‌నగర్, వివేకానందనగర్, ఆల్విన్ కాలనీ వాళ్లు అడ్రసులో కూకట్‌పల్లి అనే రాస్తారు, ఓటు మాత్రం శేరిలింగంపల్లిలో. బాలానగర్, ఫతేనగర్, అల్లాపూర్, పాత బోయిన్‌పల్లి ఏమో ఈ సీటులో. 2016 నాటికి మొత్తం ఎనిమిది డివిజన్లు. కేపీహెచ్‌బీ అందులో ఒకటి. 2016లో మిగతా ఏడూ టీడీపీ ఓడింది కదా! టీవీ వాళ్లు హౌసింగ్ బోర్డు కాలనీలో మైకు పెట్టి నియోజకవర్గం మూడ్ అంటారు.

మూసాపేట సిగ్నల్:
డివిజన్ల మాట ఒప్పుకుంటా. కానీ ఓటర్లలో నలభై శాతం సెటిలర్లేనని అన్ని పార్టీలూ అంటాయిగా?

ఫారం ఇరవై:
ఆ నలభై ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పమనండి. ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. సొంతూరు గడి లేదు. జనాభా లెక్కల్లో వలస పట్టికలున్నా అవి జిల్లా వరకే. పైగా 2011 నాటికి రాష్ట్రం ఒకటే, కాబట్టి గుంటూరు నుంచి రంగారెడ్డి జిల్లాకి వచ్చినా, వరంగల్ నుంచి వచ్చినా రాష్ట్రం లోపలి వలసే. ఇక ఇంటిపేర్లు చూసి లెక్క కడితే ఖమ్మం, కోదాడ వాళ్లు కూడా గుంటూరు ఖాతాలో పడతారు. ఇక్కడే పుట్టి ముప్పై ఏళ్లు దాటినవాణ్ని ఏ ఖాతాలో వేస్తారు?

చేతనైన పని ఒకటుంది. ఎన్నికల ప్రధానాధికారి సైటులో ఫారం 20 దొరుకుతుంది, బూత్‌వారీగా ఎవరికెన్ని ఓట్లో ఉంటుంది. రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టండి. బూత్ నంబరుతో కలిపారో, లెక్క తప్పినట్టే. ఓటర్లు పెరిగితే బూత్‌ని విడగొడతారు, అక్కణ్నుంచి నంబర్లన్నీ జరుగుతాయి. పోలింగ్ కేంద్రాల జాబితా తెచ్చుకుని స్కూలు పేరుతో కలపాలి. పోస్టల్ ఓట్లు చివర్లో విడిగా ఉంటాయి, వాటిని ఏ బూత్‌కీ కలపకండి.

మూసాపేట సిగ్నల్:
రెండు చోట్లా ఓటు ఉన్నవాళ్ల సంగతి? 2014లో ఇక్కడ పోలింగ్ ఏప్రిల్ 30, సీమాంధ్రలో మే 7. ఇక్కడ వేసి అక్కడికెళ్లి వేసే వీలుంది.

ఫారం ఇరవై:
చట్టం ప్రకారం పేరు ఒక్క చోటే ఉండాలి. ఉంటుందా అనేది వేరే మాట. దానికీ ఒక పరీక్ష ఉంది. 2018 డిసెంబరు 7న ఇక్కడ అసెంబ్లీ పోలింగ్. 2019 ఏప్రిల్ 11న ఇక్కడ లోక్‌సభకి, ఆంధ్రాలో అసెంబ్లీ, లోక్‌సభ రెండింటికీ ఒకే రోజు. ఒకే స్కూలు బూత్‌లో డిసెంబరు పోలింగ్ శాతంలోంచి ఏప్రిల్ శాతం తీసేయండి. అయితే లోక్‌సభకి నగరంలో ఎటూ తక్కువే వేస్తారు కాబట్టి కేపీహెచ్‌బీ తగ్గుదల ఒక్కటే చూస్తే మోసపోతారు. పాత బోయిన్‌పల్లి తగ్గుదలతో పోల్చి, అదనంగా తగ్గింది ఎంతో చూడాలి, ఆ రోజు ఆంధ్రాకి వెళ్లినవాళ్ల అంచనా అదే. అప్పటికే పేరు ఊరికి మార్చుకున్నవాళ్లు ఈ జాబితాలోనే ఉండరు, వాళ్లు ఈ లెక్కకి దొరకరు.

పాత ఖైరతాబాద్:
ఇంతా చేసి అది వెళ్లినవాళ్ల లెక్క, ఇక్కడ ఎవరికి వేశారో కాదు.

మూసాపేట సిగ్నల్:
సరే, 2009 సంగతేంటి మరి? జేపీకి పడింది సెటిలర్ ఓటా, చదువుకున్నవాళ్ల ఓటా? రెండూ అవే కాలనీల్లో ఉన్నాయి.

ఫారం ఇరవై:
2009 కాగితాల్లో విడదీయలేరు. 2014 చూడండి. ఆయన మల్కాజిగిరి లోక్‌సభకి నిలబడ్డారు, గెలిచింది టీడీపీ మల్లారెడ్డి. ఓటరు ఒకే రోజు, ఒకే బూత్‌లో రెండు బటన్లు నొక్కాడు. కూకట్‌పల్లి సెగ్మెంట్‌లో సైకిలుకి అసెంబ్లీలో ఎన్ని, లోక్‌సభలో ఎన్ని అని బూత్‌వారీగా రాయండి. అసెంబ్లీకి సైకిలు నొక్కి లోక్‌సభకి నొక్కనివాళ్లు ఎక్కువున్న బూత్‌లలోనే జేపీ ఓట్లు కూడా ఎక్కువున్నాయా? అది తేలితే ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు తిట్టుకుందాం.