పదేళ్ల తెల్ల సిమెంట్ చుట్టూ గోధుమరంగు గీత: తీసేయించాలా?

ప్రశ్న (కాకినాడ నుంచి)
2015లో కింది దవడ పన్ను పుచ్చితే తెల్ల సిమెంట్ పెట్టించుకున్నాను. నొప్పి లేదు, ఐస్ నీళ్లు తాగినా జివ్వుమనదు. మొన్న మా పాప ఫోన్ టార్చి వేసి చూసి "అమ్మా, చుట్టూ టీ మరకలా గీత ఉంది" అంది. దగ్గర్లోని డాక్టరు చూడగానే మొత్తం తీసి మళ్లీ పెట్టాలన్నారు, ఎక్స్‌రే తియ్యలేదు. రోజుకి నాలుగు టీలు తాగుతాను. ఇవి అసలు ఎన్నేళ్లు ఉంటాయండీ?

జవాబు (పళ్ల డాక్టర్ని, ఒంగోలు)
గీత ఉన్నంత మాత్రాన పుచ్చు కాదమ్మా. మీ తెల్ల సిమెంట్ అసలు రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. ఇది నీలం లైటు కింద గట్టిపడేటప్పుడు నూటికి రెండు మూడు వంతులు ముడుచుకుంటుంది. అందుకే రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెడతాం. అయినా అంచున వెంట్రుకవాసి సందు మిగిలితే ఏళ్ల తరబడి టీ రంగు అందులోకి దిగుతుంది. ఉత్త మరకైతే పాలిష్ చాలు. ఒక మూల పెచ్చు లేస్తే అంతవరకే బాగుచేయొచ్చు. మొత్తం పీకించడానికి తొందరపడకండి. సిమెంటూ పన్నూ ఒకే రంగు కదా, తవ్వేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా మంచి పన్ను కాస్త పోతుంది. అలా తీసిన ప్రతిసారీ గుంట పెద్దదవుతుంది.

చిన్న గుంటలో, ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు కట్టి పెట్టింది పదేళ్లు దాటడం మామూలే. ఇరవై దాటినవీ ఉన్నాయి. రెండు పళ్ల సందులో, చిగురు దాకా దిగినవి ముందు పాడవుతాయి. మీకు ఆ సందులో ఫ్లాస్ దారం వేస్తే పీచులు పీచులుగా చిరుగుతోందా? ఎక్స్‌రే మాత్రం తప్పకుండా తీయించండి.

జవాబు (హనుమకొండ)
నాది ఐదేళ్లకే విరిగింది. నిద్రలో పళ్లు నూరుతానని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెల్వదు. ఇప్పుడు రాత్రిపూట ప్లాస్టిక్ గార్డు పెట్టుకుని పడుకుంటున్నా. వెండి ఫిల్లింగే గట్టిదని మా నాన్న అంటడు.

జవాబు (ఒంగోలు)
నాన్నగారి మాటలో నిజముంది, దవడ పళ్లకి వెండిదే ఎక్కువకాలం ఆగేది. కానీ అందులో పాదరసం ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 నుంచి దాదాపు ఆపేశారు.

ప్రశ్న అడిగినావిడ
దారం చిరుగుతోంది డాక్టరుగారూ! నిన్న వేరేచోట ఎక్స్‌రే తీయించాను. సిమెంట్ కింద ఏమీ లేదట, గీత పాలిష్‌తో పోయింది. కానీ ఆ సందులో అంచు గరుకుగా ఉంది, పక్క పన్నులో చిన్న నల్లనీడ కనబడింది. దానికి వచ్చే మంగళవారం రమ్మన్నారు. రబ్బరు షీటు కడతారా అని ముందే అడిగాను, కడతామన్నారు.